బడిలో హింస ఆగాలంటే బెత్తం దగ్గరే మొదలుపెట్టాలి

జూన్ నెల వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ హడావుడే. పుస్తకాలు, బ్యాగులు, యూనిఫారాలు, బూట్లు కొనడం, ఆటో మాట్లాడుకోవడం, ఫీజుకు డబ్బు సర్దుకోవడం – తల్లిదండ్రులు ఇవన్నీ చూసుకుంటారు. టీకాలు పూర్తయ్యాయా, కంటి పరీక్ష చేయించాలా అని మమ్మల్ని అడిగి తెలుసుకునేవారు కూడా ఉన్నారు. సంతోషం. కాని ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఉదయం బడికి వెళ్ళిన మన బిడ్డ ఒంటి మీద దెబ్బ లేకుండా, మనసులో భయం లేకుండా సాయంత్రం ఇంటికి తిరిగి వస్తున్నాడా?

ఆరోగ్య పత్రికలో బడి గొడవలు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. బడిలో జరిగే హింస అన్నిటికంటే ముందు చేరేది ఆసుపత్రికే. పోలీసు స్టేషను దాకా వెళ్ళని సంగతులు, హెడ్మాస్టరు గారి చెవిన పడని సంగతులు, చివరకు ఇంట్లో నాన్నకు కూడా చెప్పని సంగతులు డ్రెస్సింగు గదిలో మా చేతుల మీదుగా వెళుతుంటాయి. అందుకే మా నర్సింగు సిబ్బంది తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. కొందరికి ఇవి నచ్చకపోవచ్చు. అయినా చెప్పవలసిన బాధ్యత మాకు ఉన్నది.

మా దగ్గరికి వచ్చే దెబ్బలు

చెంపదెబ్బ చాలా చిన్న విషయమని అందరూ అనుకుంటారు. కాని అరచెయ్యి చెవి మీద పడితే గాలి ఒక్కసారిగా లోపలికి ఒత్తుకుని కర్ణభేరి చిరుగుతుంది. కొట్టేవారిలో ఎక్కువమందిది కుడిచేతి వాటం కనుక ఎదురుగా నిలబడిన పిల్లవాడికి సాధారణంగా ఎడమ చెవి దెబ్బతింటుంది. చెవిలో హోరు, నొప్పి, కాస్త రక్తం, వినికిడి తగ్గడం దీని లక్షణాలు. చిన్న చిరుగు అయితే చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే మూసుకుంటుంది. మన ఇళ్ళల్లో వెంటనే చేసే పని ఏమిటంటే వెచ్చని నూనె పోయడం. అది ఎంతమాత్రం చేయకూడదు. చీము పట్టిందంటే ఆ చిరుగు మానక ఆపరేషను దాకా వెళ్ళవచ్చు.

స్కేలుతో, బెత్తంతో వేళ్ళ కణుపుల మీద కొడితే చిన్న ఎముకలు చిట్లుతాయి. వాపే కదా అని పసుపు రాసి ఊరుకుంటే వేలు వంకరగా అతుక్కుంటుంది. వందల కొద్దీ గుంజీళ్ళు తీయిస్తే తొడ కండరాలు లోపలే చితికి, ఆ వ్యర్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉన్నది. మూత్రం టీ డికాషను రంగులో వస్తే అది ప్రమాద సూచన. ఎండలో మోకాళ్ళ మీద నిలబెడితే వడదెబ్బ తగులుతుంది. ఆయాసం ఉన్న పిల్లలకు, గుండె జబ్బు ఉన్న పిల్లలకు, రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు ఇది మరింత ప్రమాదం. శిక్ష పేరుతో మూత్రానికి పంపకపోవడం కూడా హింసే. ఆపుకోవడం అలవాటైతే, మూత్రానికి వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తే, ఇన్ఫెక్షను వస్తుంది.

ఇవి పెద్దలు పెట్టే దెబ్బలు. పిల్లలు పిల్లలకు పెట్టేవి వేరే ఉన్నాయి. కాంపస్ మొన కంట్లో గుచ్చుకోవడం, మెట్ల మీద నుంచి తోసెయ్యడం, బెల్టుతో కొట్టుకోవడం, రాళ్ళు విసురుకోవడం. హైస్కూలు, ఇంటర్మీడియట్ వయసుకు వచ్చేసరికి జట్లు కట్టి కొట్టుకోవడం, దాన్ని సెల్‌ఫోనులో తీసి అందరికీ పంపడం.

కంటికి కనపడని దెబ్బలు ఇంకా ఎక్కువ. సోమవారం ఉదయం మాత్రమే వచ్చే కడుపునొప్పి, శనివారం సాయంత్రానికి మాయమయ్యే తలనొప్పి, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, నిద్రలో ఉలిక్కిపడడం, చదివే పిల్ల ఉన్నట్టుండి వెనకబడిపోవడం. స్కానింగు తీయించినా, రక్తపరీక్షలు చేయించినా రిపోర్టులు అన్నీ బాగానే ఉంటాయి. "వేషాలు వేస్తున్నాడు సిస్టర్" అంటారు తల్లిదండ్రులు. అన్నీ వేషాలు కావు. మనసులో భయం ఉంటే కడుపులో నొప్పి నిజంగానే వస్తుంది.

కెమెరాలు చాలవు

బడిలో నేరాల గురించి పేపర్లో పెద్ద వార్త వచ్చినప్పుడల్లా అందరూ సి.సి. కెమెరాలు పెట్టాలంటారు, ప్రహరీగోడ ఎత్తు పెంచాలంటారు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉండాలంటారు. ఇవన్నీ అవసరమే. కాని హింస ఎప్పుడూ గోడ దూకి బయటనుంచే రాదు. ఎక్కువసార్లు అది లోపలే పుడుతున్నది.

అది ఎలా పుడుతుందో చూడండి. లెక్క తప్పు చేసినందుకు మాస్టారు కొడతారు. మాస్టారు బయటికి వెళ్ళినప్పుడు క్లాసు లీడరు అదే స్కేలు చేతికి తీసుకుంటాడు. ఇంటర్వెల్‌లో పదో తరగతి వాడు ఆరో తరగతి వాడి నెత్తిన మొడుతాడు. ఆరో తరగతి వాడు ఇంటికి వచ్చి చెల్లెలి జుట్టు పట్టుకుని లాగుతాడు. ఎవరికి వారు తమకంటే చిన్నవారిని చూసుకున్నారు. బలం ఉన్నవాడు కొట్టవచ్చు, బలం లేనివాడు నోరు మూసుకుని పడి ఉండాలి అన్న పాఠం ఏ పుస్తకంలోనూ లేకపోయినా పిల్లలందరికీ కంఠతా వచ్చేసింది. పైగా, పడి ఉండడం అలవాటైన బిడ్డకు రేపు ఇంకెవరైనా ఒంటి మీద చెయ్యి వేసినా నోరు విప్పాలని తోచదు. కాబట్టి బడిలో నేరాలు తగ్గాలంటే మొదట బెత్తం బడి నుంచి వెళ్ళిపోవాలన్నది మా అభిప్రాయం. మిగిలిన జాగ్రత్తలన్నీ దాని తరువాతే.

ఇది మాకు మాత్రమే తోచిన సంగతి కాదు. కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ మంత్రిత్వ శాఖ 2007లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి తయారుచేసిన నివేదిక అది. బడికి వెళ్ళే పిల్లల్లో 65 శాతం మంది తాము బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు. 2019లో యునెస్కో ప్రపంచవ్యాప్తంగా ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు అంతకుముందు నెలరోజుల్లో కనీసం ఒక్కసారైనా తోటి పిల్లల వేధింపుకు గురయ్యారు. ఒక జబ్బు ముగ్గురు పిల్లల్లో ఒకరికి వస్తే మనం ఊరికే కూర్చుంటామా? వైద్య శిబిరాలు పెడతాము, ఇంటింటికీ తిరుగుతాము, మందులు పంచుతాము. దీన్ని కూడా అలాగే చూడాలని మా కోరిక.

చట్టం ఏమి చెబుతున్నది

బడిలో కొట్టడం తప్పు అంటే చాలామంది నమ్మరు. "టీచర్లకు ఆ హక్కు ఉంటుంది కదా" అంటారు. లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే ప్రభుత్వం 1966 నాటి విద్యా నియమాలను సవరించి బెత్తం దెబ్బలను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శరీరాన్ని శిక్షించడాన్నీ, మనసును వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. అంటే చెయ్యి ఎత్తకపోయినా, అందరి ముందు "మొద్దు", "దున్నపోతు" అని తిట్టినా, కులం పేరో తండ్రి చేసే పనో ఎత్తి అవమానించినా అది తప్పే. కాలేజీల్లో, హాస్టళ్ళలో సీనియర్ల ఆగడాలకు 1997లో వచ్చిన ర్యాగింగు నిషేధ చట్టం ఉన్నది.

ఇక్కడ మన సంఘాలవారితో ఒక మాట. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును బెత్తానికి గొడుగుగా పట్టుకునేవారు ఉండవచ్చు. అది సరికాదు. పిల్లవాడిని గాయపరిస్తే శిక్షించే చట్టాలు అందరికీ ఒక్కటే. పిల్లల పట్ల క్రూరత్వాన్ని శిక్షించే 2015 నాటి బాలల న్యాయ చట్టానికి మన బడి, వేరేవారి బడి అన్న తేడా లేదు. అయినా, కొట్టవద్దని చట్టం చెబితేనే మానతామా? మన సంఘాల ఆధ్వర్యంలో నడిచే బడులు, బోర్డింగు హోములు ఈ విషయంలో అందరికంటే ముందు ఉండాలి.

"మేము దెబ్బలు తిని బాగుపడలేదా?"

ఈ ప్రశ్న మేము ఎక్కడ మాట్లాడినా వస్తుంది. మా తరం వారందరూ తొడపాశాలు, గోడకుర్చీలు చూసినవారే. ఆ రోజుల్లో మాస్టారి దగ్గరికి బిడ్డను తీసుకువెళ్ళి "కళ్ళు రెండూ ఉంచి మిగతాది మీ ఇష్టం" అని అప్పగించి వచ్చేవారు. ఆ మాట ఈనాటికీ పోలేదు. దెబ్బలు తిని కూడా కొందరు బాగుపడ్డారు, నిజమే. అయితే దెబ్బలు భరించలేక బడి మానేసి గొడ్ల వెంట, కూలి పనికి వెళ్ళిపోయినవారు ఎంతమంది? వారు వచ్చి "మేము దెబ్బల వలన పాడైపోయాము" అని సభల్లో చెప్పరు. మన ఊళ్ళలో లెక్కలంటే, ఇంగ్లీషంటే ఇప్పటికీ వణికే పెద్దవారు ఉన్నారు. వారికి ఆ పాఠం రాకుండా చేసింది తెలివి తక్కువ కాదు, భయం. భయపడే పిల్లవాడి దృష్టి అంతా కొట్టే చేతి మీదనే ఉంటుంది కాని బోర్డు మీద ఉండదు.

2010లో కోల్‌కతాలో ఒక ప్రసిద్ధ పాఠశాలలో బెత్తం దెబ్బలు తిన్న కొద్దిరోజులకే 13 ఏళ్ళ బాలుడు ప్రాణం తీసుకున్నాడు. దేశమంతా చర్చించుకున్న విషయం అది. అతని మనసులో ఇంకా ఏమేమి ఉన్నాయో మనకు తెలియదు. కాని నలుగురిలో అవమానం పడిన ఆ వయసు పిల్లవాడి బాధను తేలికగా తీసుకోరాదని ప్రతి తల్లీ తండ్రీ గుర్తుంచుకోవాలి.

సామెతల గ్రంథంలో బెత్తం గురించి ఉన్నది కదా అని మన సంఘస్థులు కొందరు అడుగుతారు. మేము బోధకులము కాము. అయినా 23వ కీర్తన చిన్నప్పుడే కంఠస్థం చేసినవారము. అందులో కాపరి చేతి కర్ర గొర్రెకు ధైర్యం ఇస్తుంది. కాపరి కర్ర దారి తప్పకుండా మళ్ళించడానికి, తోడేలును తరమడానికి. గొర్రె వీపు పగలగొట్టడానికి కాదు. పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు చేసిన హెచ్చరిక కూడా పత్రికల్లో ఉన్నది. అది ఎవరూ ఎత్తి చూపరు. క్రమశిక్షణ వద్దని మేము అనడం లేదు. దెబ్బకూ క్రమశిక్షణకూ తేడా ఉన్నదని అంటున్నాము.

ఉపాధ్యాయుల కష్టం మాకు తెలియనిది కాదు. ఒక్క గదిలో అరవై మంది పిల్లలు, ఒక్కరే టీచరు, పైనుంచి ర్యాంకుల ఒత్తిడి, ప్రైవేటు బడి అయితే చాలీచాలని జీతం. వార్డులో నలభై మంది రోగులకు ఇద్దరు నర్సులు ఉన్న రాత్రి ఓపిక ఎలా నశిస్తుందో మాకు తెలుసు. అయినా ఓపిక నశించిందని రోగి మీద చెయ్యి చేసుకోము కదా. టీచర్ల భారం తగ్గించమని అడగడం న్యాయం. ఆ భారం పిల్లవాడి వీపు మీద దించడం న్యాయం కాదు.

పిల్లల మధ్య జరిగేదాన్ని చిన్నచూపు చూడవద్దు

"పిల్లలన్నాక కొట్టుకుంటారు" అని తేలికగా అంటాము. ఇద్దరు సమానమైన వాళ్ళు ఆటలో కొట్టుకుని మరునాడు కలిసిపోవడం వేరు. ఒకడినే ఎంచుకుని, రోజూ, అతను ఎదిరించలేడని తెలిసి ఏడిపించడం వేరు. నల్లగా ఉన్నాడని, లావుగా ఉందని, నత్తి ఉందని, కాలు కుంటని, కులం తక్కువని, స్కాలర్‌షిప్పు పిల్లవాడని ఏడిపించడం ఆట కాదు. ఈ మధ్యకాలంలో ఫోను వచ్చాక ఈ వేధింపు బడి గంటతో ఆగడం లేదు. రాత్రి పడుకునేదాకా వెంటాడుతున్నది.

దీన్ని ఆపవచ్చునా? నార్వే దేశంలో 1982లో ముగ్గురు మగపిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. తోటిపిల్లల వేధింపే కారణమై ఉంటుందని అందరూ భావించారు. ఆ దేశ ప్రభుత్వం 1983లో దేశమంతటా కార్యక్రమం మొదలుపెట్టింది. డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బెర్గెన్ పట్టణంలో 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లలను వరుసగా గమనించారు. రెండేళ్ళలో వేధింపులు సగానికి సగం తగ్గాయి. వారు చేసినవి ఖర్చుతో కూడిన పనులు కావు. ఇంటర్వెల్‌లో పెద్దలు ఆటస్థలంలో తిరగడం, "ఎవరినీ ఏడిపించకూడదు, ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకోకూడదు" అన్న నియమాలు ప్రతి తరగతిలో పిల్లలతో కలిసి పెట్టుకోవడం, తప్పు చేసిన పిల్లవాడితోనూ అతని తల్లిదండ్రులతోనూ కూర్చుని మాట్లాడడం. ఇందులో మన జిల్లా పరిషత్ హైస్కూలులో చేయలేనిది ఏమున్నది?

ఉపాధ్యాయులకు కూడా రక్షణ కావాలి. 2012 ఫిబ్రవరిలో చెన్నైలో తొమ్మిదో తరగతి బాలుడు తరగతి గదిలోనే తన ఉపాధ్యాయురాలిని కత్తితో పొడిచి చంపాడు. డైరీలో తన గురించి తల్లిదండ్రులకు రాసినందుకు కోపం పెంచుకున్నాడని అప్పట్లో పత్రికలు రాశాయి. ఒక కుటుంబం తల్లిని పోగొట్టుకున్నది. ఇంకో కుటుంబం బ్రతికి ఉండగానే కొడుకును పోగొట్టుకున్నది. కోపం వచ్చినప్పుడు ఏమి చేయాలో, ఎవరితో చెప్పుకోవాలో నేర్పకుండా పిల్లలను పెంచితే రెండు వైపులా నష్టమే.

దాచకూడని నేరం

ఇప్పుడు చెప్పబోయేది వినడానికి కష్టంగా ఉంటుంది. అయినా వినండి. బడిలో, హాస్టల్‌లో, బడి ఆటోలో, ట్యూషన్‌లో పిల్లల మీద లైంగిక దాడులు జరుగుతున్నాయి. 2022 అక్టోబరులో హైదరాబాదులో ఒక బడిలో నాలుగేళ్ళ పాప మీద ప్రిన్సిపాలు గారి కారు డ్రైవరు చేసిన అఘాయిత్యం బయటపడింది. 2023లో కోర్టు అతనికి 20 ఏళ్ళ శిక్ష విధించింది. అది బయటపడింది పాప ఇంట్లో చెప్పడం వలన, ఇంట్లోవారు ఆ మాట నమ్మడం వలన. ఈ విషయాన్ని ప్రతి ఇల్లు జ్ఞాపకం పెట్టుకోవాలి.

2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం అమలులో ఉన్నది. 18 ఏళ్ళలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇది వర్తిస్తుంది. ఇలాంటిది జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు, తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచితే సంవత్సరం వరకు జైలుశిక్ష ఉంటుంది. బడి సిబ్బందే నేరం చేస్తే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చట్టం చూస్తుంది. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి వీలులేదు.

"ఆడపిల్ల పరువు పోతుంది, ఊళ్ళో పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడుకుందాం" అని ఇలాంటి సంగతులు రాజీ చేస్తున్నారు. "సంస్థ పేరు పోతుంది", "సంఘానికి చెడ్డపేరు" అని కూడా నచ్చజెబుతారు. పోయింది బిడ్డ పరువు కాదు, నేరం చేసినవాడిది. డబ్బు తీసుకుని రాజీ పడితే ఆ మనిషి రేపు ఇంకో బిడ్డ దగ్గరికి వెళతాడు. దాచిన సంస్థ పేరు నిలబడదు.

మా మీద వచ్చే ఒత్తిడి కూడా చెప్పాలి. దెబ్బతిన్న బిడ్డను తీసుకువచ్చి "పడిపోయాడని రాయండి సిస్టర్, కేసులు ఎందుకు" అని బ్రతిమాలుతారు. మేము అలా రాయము, రాయకూడదు. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయడం ఎవరినో సాధించడానికి కాదు. రేపు బిడ్డ నోరు తెరిచి చెప్పుకోవలసి వస్తే ఆ కాగితం ఒక్కటే అతని వైపు మాట్లాడుతుంది.

భయపడవద్దు. బిడ్డను పోలీసు స్టేషనుకు తిప్పనవసరం లేదు. ఇంటి దగ్గర గాని, బిడ్డ కోరిన చోట గాని, వీలైనంతవరకు మహిళా పోలీసు అధికారి, యూనిఫారం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. తల్లి గాని, బిడ్డ నమ్మిన పెద్దలు గాని పక్కన ఉండాలి. వారు రాలేని పరిస్థితిలో ఆసుపత్రి అధిపతి నియమించిన స్త్రీ ఉండాలి. బిడ్డ పేరు, బడి పేరు పత్రికల్లో రాయకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా వెంటనే చికిత్స చేయాలని 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతున్నది. స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టి తీసుకురండి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి. ఆలస్యమైనా, స్నానం చేయించేసినా సరే, తప్పకుండా తీసుకురండి.

ఎవరు ఏమి చేయాలి

బడివారు: బెత్తం కొనడం ఆపండి. క్లాసు లీడరు చేతికి స్కేలు ఇవ్వకండి. ఇంటర్వెల్, భోజన సమయాల్లో మరుగుదొడ్ల దారిలో, మెట్ల దగ్గర, ప్రహరీ వెనక పెద్దలు తిరుగుతుండాలి. ఎక్కువ గొడవలు జరిగేది అక్కడే. పిల్లలు పేరు రాయకుండా ఫిర్యాదు వేసే పెట్టె పెట్టండి. వారానికి ఒకసారి ఇద్దరు టీచర్లు కలిసి దాన్ని తెరవాలి. డ్రైవరు, ఆయా, వాచ్‌మన్, పి.ఇ.టి. – ఎవరిని తీసుకున్నా ముందు వారి గురించి విచారించండి. బడికి వంద గజాలలోపు బీడీలు, సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003లో చట్టం వచ్చింది. మీ బడి ఎదుట బడ్డీకొట్టు ఏమి అమ్ముతున్నదో ఒకసారి చూడండి. మత్తు అలవాటైన పిల్లవాడికి డబ్బు కావాలి, డబ్బుకోసం దొంగతనం, దానికోసం కొట్లాట – ఇది ఒకదాని వెంట ఒకటి వస్తుంది.

తల్లిదండ్రులు: "ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు "ఈ రోజు ఎవరితో ఆడుకున్నావు? ఎవరైనా ఏడిపించారా?" అని అడగండి. చెప్పింది మధ్యలో ఆపకుండా వినండి. "నువ్వేం చేశావు ముందు?" అని గద్దిస్తే మళ్ళీ ఎప్పుడూ చెప్పరు. ఒంట్లో ఏ భాగాలను ఎవరూ తాకకూడదో మూడు నాలుగేళ్ళ వయసు నుంచే చెప్పండి. మగపిల్లలకు కూడా చెప్పండి. ఇంట్లో భార్యాభర్తలు కొట్టుకుంటూ బడిలో శాంతి కావాలంటే రాదు. మీ అబ్బాయే ఇంకొకరిని ఏడిపించాడని కబురు వస్తే బడి మీదికి యుద్ధానికి వెళ్ళకండి. అతనికి కూడా సహాయం అవసరమని గ్రహించండి.

సంఘం: ఆదివారపు బడి టీచర్లు కూడా పిల్లల మీద చెయ్యి ఎత్తకూడదని తీర్మానం చేయండి. యువజన కూటాల్లో, స్త్రీల సమాజంలో ఈ విషయం చర్చకు పెట్టండి. మన బోర్డింగు హోముల్లో వార్డెనుకు తెలియకుండా పిల్లలు మాట్లాడుకోగలిగిన ఒక పెద్దమనిషి, ఒక పెద్దావిడ ఉండాలి. నెలకు ఒకసారి వచ్చి పిల్లలతో విడిగా కూర్చోవాలి.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన సందర్భాలు

తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, తికమకగా మాట్లాడడం, ఫిట్స్, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని నీరులాంటిది కారడం – ఒక్క క్షణం ఆగవద్దు. చెవికి దెబ్బ తగిలితే నూనె, నీళ్ళు, చుక్కల మందు ఏదీ వేయవద్దు. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే పీకవద్దు, నలపవద్దు, ఒత్తవద్దు. కన్నును తాకకుండా పైన కాగితం కప్పు ఒకటి బోర్లించి పట్టుకుని తీసుకురండి. కడుపులో గుద్దు తగిలాక నొప్పి పెరుగుతున్నా, ముఖం పాలిపోయినా తీసుకురండి. "చచ్చిపోతాను" అని బిడ్డ ఒక్కసారి అన్నా దాన్ని బెదిరింపుగా తీసుకోవద్దు. ఒంటరిగా వదలవద్దు.

ఈ నంబర్లు ఇంటి గోడ మీద రాసుకోండి. పిల్లలకు ఆపద అయితే 1098. ఏ అత్యవసరానికైనా 112. మనసు బాగాలేకపోతే టెలిమానస్ 14416. ఈ నంబర్లు పిల్లలకు కూడా కంఠతా రావాలి.

చివరగా ఒక మనవి. ఈ జూన్‌లో బిడ్డను బడిలో చేర్చేటప్పుడు ఫీజు ఎంత, ఇంగ్లీషు మీడియమా అని అడుగుతారు కదా. దానితోపాటు ఇంకొక్క మాట అడగండి. "మీ బడిలో పిల్లలను కొడతారా? ఎవరైనా కొడితే పిల్లలు ఎవరికి చెప్పుకోవాలి?" నలుగురు తల్లిదండ్రులు ఈ మాట అడిగితే హెడ్మాస్టరు గారు ఆలోచిస్తారు. నలభై మంది అడిగితే ఆ బడిలో బెత్తం ఉండదు. అడగడానికి డబ్బు ఖర్చు లేదు, చదువు అక్కరలేదు. మన బిడ్డల కోసం ఆ మాత్రం నోరు విప్పుదాం.